మేత చేపల కొవ్వు కొలిచే చేతి మీటరు: అరచేతి పొడవు దాటితేనే పనికొస్తుంది

జలాశయంలో పెద్ద చేపలకు ఆహారమయ్యే చిన్న చేపల బలం ఏడాదంతా ఒకేలా ఉండదు. శరదృతువులో ఒంట్లో పట్టిన కొవ్వు చలికాలం చివరికి కరిగిపోతుంది. కరిగిన కొవ్వు స్థానంలో నీరు చేరుతుంది కాబట్టి తక్కెడలో బరువు పెద్దగా తగ్గదు, చూపుకీ తెలియదు. 8% కొవ్వు, 16% ప్రొటీన్ ఉన్న 100 గ్రాముల చేపలో సుమారు 690 కిలోజౌళ్లుంటాయి. కొవ్వు 2%కి, ప్రొటీన్ 15%కి పడిపోతే మిగిలేది 430 చిల్లరే. వేటచేప కడుపు నింపుకున్నా బక్కచిక్కేది అందుకే.

ఈ తేడా పట్టడానికే మైక్రోవేవ్ మీటరు కొంటారు. అది నేరుగా కొవ్వును చూడదు. చర్మం కింది కండలో నీరెంతో కొలిచి, ఆ జాతి చేపల్లో నీటికీ కొవ్వుకీ ఉన్న సంబంధాన్ని ముందే సరిచూసిన కాలిబ్రేషన్‌తో కొవ్వు లెక్కగడుతుంది. చేపను కోయక్కర్లేదు, కొలిచి ప్రాణంతో వదిలేయొచ్చు. ఆ సౌకర్యం నిజంగా గొప్పదే.

చిక్కల్లా సైజుతోనే. సెన్సర్ తల చేప పక్క మీద పూర్తిగా ఆనాలి. వేలెడంత చేపకు సగం గాల్లో ఉంటుంది, ఆ రీడింగ్ పారేయాల్సిందే. చర్మం తడిగా ఉంటే కొవ్వు తక్కువ చూపిస్తుంది, అందుకే ముందు గుడ్డతో అద్దాలి. గడ్డకట్టిన చేప మీద అసలు వాడకూడదు. అన్నిటికన్నా పెద్ద లోపం, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వూ, పొట్టలోని జనా (గుడ్ల ముద్ద) దీనికి కనిపించవు. గుడ్లు పెట్టే ముందు కండలోని సరుకు జనలోకి పోతుంది. మీటరు 'బక్కచేప' అంటుంది, కానీ వేటచేప మింగేది జనతో సహా మొత్తాన్ని కదా!

చిన్నవాటికి మామూలు డ్రయింగ్ ఓవెనే నమ్మకం. తడి అద్ది, 0.01 గ్రాము వరకు తూచి, చేపను మొత్తంగా 60 డిగ్రీల్లో పెట్టాలి. 24 గంటల తేడాతో తూచిన రెండు బరువులూ ఒకటయ్యేదాకా తీయొద్దు, సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. తొందరపడి 100 దాటిస్తే కొవ్వు కారిపోతుంది. తడి బరువులో పొడిబరువు ఎంత శాతమో చూస్తే, అది చేపలోని శక్తికి దగ్గరగా నడుస్తుంది. పిల్లచేపల్లో కొవ్వు సహజంగానే తక్కువ, కాబట్టి ఒకే పొడవువాటినే ఋతువుల మధ్య పోల్చాలి.

నమూనాలను ఫ్రీజర్‌లో ఉంచాల్సొస్తే గాలి తీసిన సంచిలో కట్టి పెట్టండి. ఊరికే వదిలేస్తే నీరు ఆవిరై, చలికాలపు బక్కచేప కూడా బలిసినట్టు లెక్క తేలుతుంది.