పాత డెల్కో 10ఎస్‌ఐకి రీబిల్డ్ కిట్: అన్నీ బానే ఉన్నాయి, రెగ్యులేటర్ తప్ప

1970ల నాటి జీఎమ్ (జనరల్ మోటార్స్) కార్లు వాడేవాళ్ళకి 10ఎస్‌ఐ ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) గురించి కొత్తగా చెప్పేదేం లేదు, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ లోపలే ఉంటుంది, బయట వేరే డబ్బా ఉండదు, గట్టి సరుకు. నా కార్లో తాళం తీసేసాక కూడా ఛార్జింగ్ లైట్ గుడ్డిగా వెలుగుతూనే ఉండేది, పొద్దున్నకి బ్యాటరీ డౌన్. ఇలా ఉంటే ముందు ఆల్టర్నేటర్ వెనక రెండు పిన్నుల ప్లగ్ పీకి చూడండి. అప్పుడూ లైట్ ఆరకపోతే ఆ రెండు వైర్లు ఎక్కడో కలిసిపోయినట్టు, ఆరిపోతే లోపల ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ బ్రిడ్జి పోయినట్టు. నాది ఆరిపోయింది, కిట్ తెప్పించా.

కిట్‌లో రెక్టిఫైయర్ బ్రిడ్జి, డయోడ్ ట్రయో (రోటర్ కాయిల్‌కి కరెంటిచ్చే మూడు చిన్న డయోడ్లు), రెగ్యులేటర్, హోల్డర్‌తో సహా బ్రష్‌లు, ముందు వెనక బేరింగులు వచ్చాయి. ముందుది మామూలు 6203 బేరింగే, కాబట్టి అది నచ్చకపోతే బేరింగుల షాపులో మంచి కంపెనీది కొనుక్కోవచ్చు, నాకైతే కిట్‌లోదే శబ్దం లేకుండా తిరిగింది, అదే వేసేసా. రెక్టిఫైయర్ బ్రిడ్జి ఆల్టర్నేటర్ బాడీకి ఆనే చోట పూయాల్సిన హీట్ సింక్ పేస్ట్ మాత్రం ఇవ్వలేదు, ఇది పిసినారితనం కాక ఇంకేంటి? ఆ పేస్ట్ లేకపోతే డయోడ్ల వేడి బాడీకి సరిగ్గా దిగదు, కొత్త బ్రిడ్జి కూడా త్వరగానే పోతుంది.

విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, బాడీ రెండు ముక్కల మీదా కలిపి ఒక గీత గీసుకోండి, లేకపోతే బిగించాక ప్లగ్ ఇంకో వైపు తిరిగి వైరు అందదు. రోటర్ (లోపల తిరిగే భాగం) మీద బ్రష్‌లు ఆనే స్లిప్ రింగుల మధ్య మల్టీమీటర్ పెడితే 3 ఓమ్‌లకి కాస్త అటూ ఇటూగా చూపించింది, రింగుకీ షాఫ్టుకీ మధ్య అసలేం చూపించలేదు, అంటే రోటర్ బానే ఉంది. రోటర్ గానీ, దాని చుట్టూ కదలకుండా ఉండే తీగచుట్టలు, అంటే స్టేటర్ గానీ కాలిపోయి ఉంటే ఈ కిట్ మీద ఖర్చు దండగ, అవి ఇందులో రావు.

బ్రష్‌లు ఎక్కించడం మాత్రం సరదాగా ఉంటుంది. స్ప్రింగుల మీదకి నొక్కి పట్టుకుని బాడీ వెనకున్న చిన్న కన్నంలోంచి సన్నటి తీగ గుచ్చితే బ్రష్‌లు అక్కడే ఆగిపోతాయి, మొత్తం బిగించాక తీగ లాగితే టిక్కుమని రింగుల మీద పడతాయి, ఆ శబ్దం వినపడిందంటే పని అయినట్టే.

ఇక అసలు గొడవ రెగ్యులేటర్‌తో. బిగించి స్టార్ట్ చేస్తే బ్యాటరీ దగ్గర 15 వోల్టులు దాటి ఇంకా ఎక్కుతోంది, వెంటనే ఆపేసా. లోపల రెగ్యులేటర్ దగ్గర మూడు స్క్రూలుంటాయి, వాటిలో రెండింటికి ఇన్సులేషన్ తొడుగు ఉంటుంది, అది ఊడినా, ఆ స్క్రూలు తారుమారైనా కంట్రోల్ లేకుండా ఫుల్‌గా ఛార్జ్ చేస్తుంది. మళ్ళీ విప్పి చూస్తే తొడుగులు బానే ఉన్నాయి, స్క్రూలు వాటి చోట్లలోనే ఉన్నాయి. పాత రెగ్యులేటర్ తీసి పెట్టేసా, 14.2 దగ్గర కదలకుండా నిలబడింది, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్ చేసినా పెద్దగా తగ్గలేదు. కొత్త డబ్బాలోంచి వచ్చిన పార్టు పాతదాని కంటే దరిద్రంగా ఉంటే ఏమనాలి? అమ్మినవాళ్ళకి రాస్తే మీ వైరింగ్ చెక్ చేసుకోండి అని ఒకటే జవాబు. అందుకే చెప్తున్నా, ఈ కిట్ కొన్నా పాత రెగ్యులేటర్ పారేయొద్దు, అది కూడా పోయి ఉంటే రెగ్యులేటర్ ఒక్కటీ మంచి కంపెనీది విడిగా తీసుకోండి.

చాలామంది ఇంత తిప్పలు ఎందుకు, వన్ వైర్ ఆల్టర్నేటర్ (బ్యాటరీకి వెళ్ళే ఒక్క వైరుతోనే పనిచేసేది) వేసేయొచ్చుగా అంటారు. వైరింగ్ తేలికే, కాదనను. కానీ దానికి ఛార్జింగ్ లైట్ ఉండదు, స్టార్ట్ చేసాక ఒకసారి యాక్సిలరేటర్ తొక్కి రేజ్ చేస్తే గానీ చాలావాటిలో ఛార్జింగ్ మొదలవదు, పైగా వోల్టేజీని తన టెర్మినల్ దగ్గరే చూసుకుంటుంది. మామూలు 10ఎస్‌ఐలో ఆ రెండు పిన్నుల ప్లగ్‌లోని రెండో నంబర్ వైరు దూరంగా, కరెంటు పంచే జంక్షన్ దగ్గర వోల్టేజీ చూస్తుంది కాబట్టి దారిలో తగ్గిన వోల్టేజీని కూడా కలిపి ఇస్తుంది, పాత కార్ల బక్క వైరింగ్‌కి ఇదే కావాలి.

ఆంప్స్ ఎక్కువ కావాలంటే దీని తర్వాతి మోడల్ 12ఎస్‌ఐ చూడండి, 94 ఆంప్స్ దాకా దొరుకుతుంది, చాలా కార్లలో అవే బ్రాకెట్లకి కూర్చుంటుంది, ప్లగ్ కూడా అదే. కాకపోతే బ్యాటరీకి వెళ్ళే ఛార్జింగ్ వైరు, దాని ఫ్యూజిబుల్ లింక్ (కరెంటు మరీ ఎక్కువైతే కరిగిపోయే వైరు ముక్క) ఆ లోడుకి సరిపడా మార్చాల్సిందే, ఒక్క వీ-బెల్టు మీదే నడిచేదైతే బెల్టు టెన్షన్ కూడా చూసుకోవాలి, జారిందంటే కీచుమంటూ అరుస్తుంది.

కిట్‌కి నా మార్కులు 5కి 3. రెగ్యులేటర్ సరిగ్గా ఉండి ఆ పేస్ట్ కూడా ఇచ్చుంటే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి.