పీఎల్సీ నేర్చుకోవడానికి సిమ్యులేటర్ మేలా, బల్లమీది చిన్న పీఎల్సీ మేలా?

పైడిభీమవరం మందుల కర్మాగారాల్లో గానీ, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో గానీ ఉద్యోగం కోరుకునే ఎలక్ట్రికల్ డిప్లొమా, ఐటీఐ విద్యార్థులకు పీఎల్సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, అంటే కర్మాగారంలో యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్) ప్రోగ్రామింగ్ నేర్చుకునేందుకు మూడు దారులున్నాయి. ఇంట్లో ల్యాప్‌టాప్‌పై సిమ్యులేటర్‌తో, అంటే పీఎల్సీలా పనిచేసి చూపే సాఫ్ట్‌వేర్‌తో, సాధన చేయవచ్చు. ఒక చిన్న పీఎల్సీ కొని, బల్లమీద బటన్లు, దీపాలు బిగించుకుని నేర్చుకోవచ్చు. లేదా విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లి శిక్షణ సంస్థలో చేరవచ్చు. ఇంట్లో డబ్బు సర్దుబాటు కాగానే చాలామంది మూడవదానికే మొగ్గుచూపుతారు గానీ, నా దృష్టిలో అది అన్నిటికన్నా చివర రావలసినది.

సిమ్యులేటర్‌కు ఖర్చు లేదు. కోడెసిస్ అనే పీఎల్సీ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దాని సాఫ్ట్ పీఎల్సీ (కంప్యూటర్‌లోనే పీఎల్సీలా నడిచే భాగం) లైసెన్సు లేకపోతే రెండు గంటలకు ఆగిపోతుంది గానీ, మళ్లీ నడిపించుకోవచ్చు కనుక అభ్యాసానికి అది అడ్డు కాదు. పీఎల్సీల తయారీ సంస్థ డెల్టా వారి ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ డబ్ల్యూపీఎల్‌సాఫ్ట్‌లో సిమ్యులేటర్ లోపలే ఉంటుంది. 1968లో జనరల్ మోటార్స్ సంస్థ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) ప్యానెళ్లకు ప్రత్యామ్నాయం కావాలని కోరినందువల్లే పీఎల్సీ పుట్టింది. పీఎల్సీ ప్రోగ్రామ్‌ను నిచ్చెన మెట్లలా గీసే ల్యాడర్ చిత్రం రిలే సర్క్యూట్‌లా కనిపించడానికి కారణం కూడా అదే. అందువల్ల మోటారుకు స్టార్-డెల్టా స్టార్టర్ వైరింగ్ చేసిన ఐటీఐ విద్యార్థికి సగం ల్యాడర్ ముందే వచ్చి ఉంటుంది. ఇన్‌పుట్లను చదవడం, ప్రోగ్రామ్‌ను పైనుంచి కిందికి నడపడం, చివరగా ఔట్‌పుట్లను మార్చడం అనే స్కాన్ క్రమాన్ని, ఒకే కాయిల్‌ను (ల్యాడర్‌లో ఔట్‌పుట్ గుర్తును) రెండుచోట్ల రాస్తే కింద రాసినదే ఎందుకు నెగ్గుతుందో అన్న విషయాన్ని తెరమీద గమనించినంత తీరికగా మరెక్కడా గమనించలేము.

అయితే తెర దాచిపెట్టేవి కూడా ఉన్నాయి. అందరూ మొదట రాసే మోటారు స్టార్ట్-స్టాప్ ప్రోగ్రామ్‌నే తీసుకుందాం. కర్మాగారంలో స్టాప్ బటన్‌ను నార్మల్లీ క్లోజ్డ్ (నొక్కనప్పుడు కరెంటు పోనిచ్చే) కాంటాక్టుతోనే కలుపుతారు. వైరు తెగినా, టెర్మినల్ వదులైనా బటన్ నొక్కినట్లే లెక్కలోకి వచ్చి మోటారు ఆగిపోవాలన్నది అందులోని ఉద్దేశం. అంటే బటన్‌ను ఎవరూ తాకనప్పుడు పీఎల్సీపై ఆ ఇన్‌పుట్ దీపం వెలుగుతూనే ఉంటుంది, కాబట్టి ల్యాడర్‌లో దానిని నార్మల్లీ ఓపెన్ (ఇన్‌పుట్ ఉన్నప్పుడే దారినిచ్చే) కాంటాక్టుగా రాయాలి. సిమ్యులేటర్‌తో మాత్రమే నేర్చుకున్నవారు స్టాప్ కదా అని క్లోజ్డ్ కాంటాక్టు రాసి, మౌస్‌తో నొక్కగానే ఆగింది కనుక సరిపోయిందనుకుంటారు. అదే ప్రోగ్రామ్‌ను ప్యానెల్‌లోని పీఎల్సీలో వేస్తే స్టార్ట్ ఎన్నిసార్లు నొక్కినా మోటారు కదలదు. పైగా స్టాప్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే తిరుగుతుంది! (ఎమర్జెన్సీ స్టాప్ సంగతి వేరు. దానిని ప్రోగ్రామ్‌కే వదిలేయకుండా, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్లే సరఫరాను నేరుగా తెంచేలా వైరింగ్ చేయాలి.)

సెన్సర్ల విషయమూ ఇంతే. డెల్టా డీవీపీ పీఎల్సీలో ఇన్‌పుట్లకు ఉమ్మడిగా ఉండే ఎస్/ఎస్ టెర్మినల్‌ను 24 వోల్టుల ప్లస్‌కు కలిపితే ఎన్‌పీఎన్ (సంకేతాన్ని సున్నా వోల్టుల వైపు కలిపే) సెన్సర్, సున్నా వోల్టులకు కలిపితే పీఎన్‌పీ (ప్లస్ వైపు కలిపే) సెన్సర్ పనిచేస్తాయి. ఇది తారుమారైతే సెన్సర్‌పై దీపం వెలుగుతుంది గానీ పీఎల్సీకి సంకేతం అందదు. అటువంటప్పుడు ప్రోగ్రామ్ ఎదుట ఎంతసేపు కూర్చున్నా ఫలితం ఉండదు, మల్టీమీటర్ పట్టుకోవలసిందే. షిఫ్టులో నిర్వహణ పనికి పిలుపు వచ్చినప్పుడు ఎదురయ్యేవి ఎక్కువగా ఇటువంటి చిక్కులే కనుక, నేను బల్లమీది పీఎల్సీ వైపే మొగ్గుతాను. ఎనిమిది ఇన్‌పుట్లు, ఆరు ఔట్‌పుట్లు ఉండే డీవీపీ-14ఎస్ఎస్2 వంటిది, ఒక 24 వోల్టుల పవర్ సప్లై, ప్రోగ్రామింగ్ కేబుల్, నాలుగు పుష్ బటన్లు, ఒక సెన్సర్ ఉంటే చాలు. నలుగురు మిత్రులు కలిసి కొంటే భారం కూడా తగ్గుతుంది.

ఇంటర్వ్యూలో సీమెన్స్ పీఎల్సీల గురించి అడుగుతారు కదా, డెల్టా ఎందుకన్న సందేహం న్యాయమైనదే. ఐదు సెకన్ల టైమర్ కోసం డెల్టాలో టీ0 కే50 (పదోవంతు సెకన్లు యాభై) అని రాస్తే, సీమెన్స్ ఎస్7-1200లో టీఓఎన్ అనే టైమర్ బ్లాక్ పెట్టి, దానికొక డేటా బ్లాక్ కేటాయించి, టీ#5ఎస్ అని రాస్తాము. రాత మారినా తర్కం మారదు. సీమెన్స్ వారి ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్‌కు 21 రోజుల ట్రయల్ ఉంటుంది. డెల్టాపై చేయి తిరిగాక దానిని దించుకుంటే ఆ గడువు వృథా కాదు. ముందే దించుకుని, ల్యాడర్ ఓనమాలకే ఆ రోజులన్నీ ఖర్చు చేయడం తెలివితక్కువ పని.

ఇక శిక్షణ సంస్థ. ఇంట్లో అమర్చుకోలేనివి, అంటే హెచ్ఎంఐ (యంత్రాన్ని నడిపించే తెర), మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌లతో కమ్యూనికేషన్, కొలతలను తెలిపే 4-20 మిల్లీ ఆంపియర్ల అనలాగ్ సంకేతాలు నేర్పితేనే దానికి కట్టే ఫీజుకు అర్థం ఉంటుంది. చేరేముందు ఒక్కో కిట్ వద్ద ఎంతమందిని కూర్చోబెడతారో, వైరింగ్ విప్పి మళ్లీ కట్టనిస్తారో లేదో అడగాలి. బిగించిన కిట్‌పై ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ చేయించి పంపేసే చోటైతే, సిమ్యులేటర్‌పై ఇంట్లో చేసినదానికే మళ్లీ డబ్బు కట్టినట్లవుతుంది.