మూడేళ్లుగా అంటిస్తున్న టేపు: బలం సంగతి ఏమిటంటే

ఆటగాళ్లు మోకాలికి, తొడకు, భుజానికి అంటించుకునే రంగురంగుల సాగే టేపు ఉంటుంది కదా, కినీషియాలజీ టేపు అంటారు. దాని కొలతలు, రంగుల జోలికి నేను పోను. నేను చెప్పాలనుకున్నది డబ్బా మీద కనిపించే ఒక్క మాట గురించి: కండరాల బలం పెరుగుతుందట. ఆ మాట మీద నాకు కోపం ఉంది.

నాకు 47 ఏళ్లు. హైస్కూల్లో పీఈటీని. సాయంత్రాలు వాలీబాల్ ఆడతాను. ఎడమ మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలయ్యాక ఫిజియో సలహాతో టేపు వాడటం మొదలుపెట్టాను. మొదటి నెలలోనే కాలు తేలికైందని, జంప్ పెరిగిందని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. నా మాట విని స్టాఫ్ రూములో నలుగురు కొన్నారు.

పోయినేడాది మండల పోటీల ముందు మా టీములో తొమ్మిదో తరగతి అమ్మాయి నా కాలు చూసి, "సార్, అది అంటిస్తే నేనూ ఇంకా ఎత్తు ఎగురుతానా?" అని అడిగింది. ఎగురుతావన్నాను. రెండు తొడలకీ పైనుంచి మోకాలి వైపు, పావు వంతు సాగదీసి అంటించాను. కండను చురుకు చేయాలంటే అది మొదలయ్యే చోటు నుంచి కిందికి అంటించాలని, సడలించాలంటే కింది నుంచి పైకి అంటించాలని నేర్పుతారు. "కాళ్లకు స్ప్రింగులు పెట్టినట్టుంది సార్" అని పిల్ల తెగ సంబరపడింది.

వేలికి సుద్దపొడి రాసి గోడ దగ్గర ఎగిరించాను. అంతకుముందు సోమవారం రిజిస్టరులో ఆమె జంప్ 38 సెంటీమీటర్లు. టేపుతో కూడా 38. నేను అంటించడం కుదరలేదేమోనని మర్నాడు తెలిసిన ఫిజియోతో వేయించాను. 37. వారం తర్వాత పిల్లకు చెప్పకుండా, అస్సలు సాగదీయకుండా, కింది నుంచి పైకి ఊరికే అతికించాను. 39 వచ్చింది. "ఇవాళ ఇంకా బాగుంది సార్" అంది.

ఒక్క పిల్ల, ఒక్క గోడ. ఒక సెంటీమీటరు తేడా లెక్కలోకి రాదు. పైగా జంప్, బలం పూర్తిగా ఒకటి కాదు. అందుకే పరిశోధనలు వెతికి చదివాను. 2015లో 19 అధ్యయనాలను, మొత్తం 530 మందిని కలిపి చూసిన విశ్లేషణలో బలం మీద టేపు ప్రభావం దాదాపు ఏమీ లేదని తేలింది. అదే ఏడాది హాంకాంగ్‌లో ఈ టేపు గురించి అసలు తెలియని 30 మందికి కళ్లకు గంతలు కట్టి, తొడకు సెన్సర్లు పెడుతున్నామని చెప్పి పరీక్షించారు. సరిగ్గా వేసినా, ఉత్తుత్తిగా వేసినా, అసలు వేయకపోయినా తొడ బలంలో తేడా రాలేదు. నరాలు కండను ఎంత గట్టిగా పని చేయిస్తే, కండ ఎంత పెరిగితే బలం అంత. టేపు తాకేది చర్మాన్ని.

ఇవన్నీ నేను చదివేలోపే ఆ పిల్ల నాన్న కూలి డబ్బుల్లోంచి ఆరు వందలు పెట్టి టౌన్లో ఒక రోల్ కొనుక్కొచ్చాడు. "మీరు చెప్పారంట కదా సార్" అన్నాడు. ఆ పిల్ల బూట్లకు అడుగు ఊడిపోయి ఉంది. ఆ రోల్ నేనే తీసుకుని డబ్బులిచ్చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా కాలు తేలికైందన్న మాట కూడా సరిచేసుకోవాలి. టేపుతో పాటు ఆ నెలలోనే ఫిజియో చెప్పిన స్క్వాట్లూ మొదలుపెట్టాను. దేని వల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేను.

అయినా నేను వాడటం మానలేదు. టేపు ఉన్న రోజు మెట్లు దిగేటప్పుడు నొప్పి కాస్త తక్కువ. రెండు సెట్లు భయం లేకుండా ఆడగలుగుతున్నాను. అది చర్మానికి తెలిసే ఆసరా వల్లో, నమ్మకం వల్లో. మే నెలలో మాత్రం చెమటకు రెండో రోజే అంచులు లేస్తాయి. ఒకసారి తొందరపడి లాగితే అరచేయంత మేర పొక్కింది. స్నానం చేసేటప్పుడు నూనె రాసి మెల్లగా తీయాలి.

నా వయసుకి, నా మోకాలికి, వారంలో మూడు రోజుల ఆటకి ఇది పనికొస్తోంది. నొప్పి లేనివాళ్లు, బలం కోసమే అనుకునేవాళ్లు కొనకండి. పిల్లలకైతే ముందు బూట్లు కొనండి. ఇప్పుడు నా కాలికి ఉన్నది ఆ నాన్న తెచ్చిన రోలే, ఇంకో రెండు మీటర్లు మిగిలింది.