ఎంఎంటీఎస్ సమీక్ష: ఐదు రూపాయల టికెట్టు, పన్నెండేళ్ల రెండో దశ

మహిళలకు ఉచితమైన సిటీ బస్సును పక్కన పెడితే, హైదరాబాద్‌లో అయిదు రూపాయలతో మొదలయ్యే ప్రయాణం నగర లోకల్ రైలైన ఎంఎంటీఎస్ (మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్) ఒక్కటే. రెండో తరగతిలో ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లినా 15 రూపాయలు దాటదు. నెలవారీ సీజన్ టికెట్టు తీసుకున్నవారికి ఇంకా తక్కువ పడుతుంది. చాలాకాలంగా ఈ రైలు ఎక్కుతున్న ప్రయాణికుడిగా నాకు తోచినది ముందే చెప్పేస్తాను: రైలు మంచిదే, దాని వెనకనున్న ప్రణాళికే రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం అనే ఇద్దరు యజమానుల నడుమ నలిగింది. అందువల్ల ఈ సమీక్షలో పెట్టెల సంగతి కొంచెమే ఉంటుంది, ప్రణాళిక సంగతే ఎక్కువ.

సికింద్రాబాద్ నుంచి లింగంపల్లికి దాదాపు పాతిక కిలోమీటర్లు. రైలు బయలుదేరిందంటే దాదాపు ముప్పావు గంటలో చేరుస్తుంది. సాయంత్రం ఆరు గంటలకు ఇదే దూరం రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో బేగంపేట వంతెన మీద నిలబడి చూసినవారికి చెప్పనవసరం లేదు. భరత్‌నగర్, బోరబండ, హఫీజ్‌పేట, చందానగర్‌లలో ఎక్కేవారిలో కూలిపనికి వెళ్లేవారు, దుకాణాల్లో పనిచేసేవారు, విద్యార్థులు ఎక్కువ. ఫలక్‌నుమా మార్గంలోనైతే ఆర్ట్స్ కాలేజ్, విద్యానగర్, కాచిగూడ, మలక్‌పేట, యాకుత్‌పురా ఒకే దారిలో వస్తాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని, పాతబస్తీని ఇంత సూటిగా కలిపే వాహనం మరొకటి లేదు. కూర్చోవడానికి చోటు దొరికినా దొరకకపోయినా కిటికీ గాలికి కొదవ ఉండదు.

ఈ సేవను 2003 ఆగస్టు 9న ప్రారంభించారు. ఆ ఆలోచనలోని తెలివి ఏమిటంటే, కొత్తగా పట్టాలు వేయకుండా ఉన్న మార్గాలనే వాడుకోవడం. లింగంపల్లి రైలు నడిచేది 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వేసిన నిజాం కాలపు మార్గం మీదనే. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే సగం సగం ఖర్చు పెట్టుకుని, స్టేషన్లు కట్టి, విద్యుత్ రైళ్లు తెచ్చి నడిపించాయి. ఒక మెట్రో మార్గానికయ్యే ఖర్చులో చిన్న తునకతో నలభై పైచిలుకు కిలోమీటర్ల లోకల్ రైలు వచ్చింది.

అయితే ఆ తెలివికి ఒక మూల్యం ఉంది. ఎంఎంటీఎస్‌కు తనవంటూ పట్టాలు చాలా తక్కువ. దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు నడిచే దారిలోనే ఇదీ నడవాలి, కాబట్టి వందల కిలోమీటర్ల నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆగేది సహజంగా లోకల్ రైలే అవుతుంది. నగర ప్రయాణికుడికి కావలసింది వేగం కన్నా నమ్మకం: పది పదిహేను నిమిషాలకొక రైలు ఉందంటే అతను సమయసూచిక చూడనే చూడడు, గంటకొకటి ఉందంటే బస్టాపు వైపు నడుస్తాడు. కరోనాకు ముందు రోజుకు 121 సర్వీసులు ఉండేవి. 2020 మార్చిలో ఆగిపోయి 2021 జూన్ 23న తిరిగి మొదలయ్యాక, మార్గాల పొడవు పెరిగినా సర్వీసులు ఆ సంఖ్యను అందుకోలేదు. ముంబైలో 1999లోనే రైల్వే 51 శాతం, మహారాష్ట్ర ప్రభుత్వం 49 శాతం వాటాలతో ముంబై రైల్ వికాస్ కార్పొరేషన్ అనే ఉమ్మడి సంస్థను పెట్టుకుని, లోకల్ రైళ్లను దూరప్రాంత రైళ్ల నుంచి వేరుచేసే అయిదు, ఆరో లైన్ల పనులు చేపట్టారు. హైదరాబాద్‌లో ఖర్చు పంచుకునే ఒప్పందం ఉంది తప్ప, పూచీ పడే అటువంటి సంస్థ లేదు.

ఆ లోటు ఎంత ఖరీదైనదో రెండో దశ చరిత్ర చెబుతుంది. 2012-13లో రూ.816.55 కోట్ల అంచనాతో మంజూరైన ఈ దశలో రాష్ట్రం వాటా మూడింట రెండు వంతులు, రైల్వేది ఒక వంతు. మేడ్చల్, ఘట్‌కేసర్, ఉందానగర్, తెల్లాపూర్–రామచంద్రాపురం, మౌలాలి–సనత్‌నగర్ అంటూ నగరం నాలుగు వైపులా పెరుగుతున్న శివార్లను సరిగానే గుర్తించారు. అంటే గీతలు గీసినవారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. రాష్ట్రం వాటా సకాలంలో విడుదల కాలేదు. రైల్వే తన వాటాకు మించి ఖర్చుపెట్టి ఎదురుచూసింది. మౌలాలి–సనత్‌నగర్ దారిలో రక్షణశాఖ భూముల చిక్కు తెగడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా అంచనా వ్యయం పెరుగుతూ పోయింది. చివరకు మేడ్చల్, ఉందానగర్ సర్వీసులు 2023 ఏప్రిల్ 8న, ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్‌ల మీదుగా లింగంపల్లి వెళ్లే రైలు 2024 మార్చి 5న మొదలయ్యాయి. మంజూరైననాడు ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు ఈలోగా ఇంటర్‌కు వచ్చేశాడు. శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లాల్సిన చివరి ఆరు కిలోమీటర్లు మాత్రం కాగితం మీదనే ఆగిపోయాయి.

వీటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మౌలాలి–సనత్‌నగర్ మార్గమే. ఒకప్పుడు గూడ్సు బండ్లకే పరిమితమైన 22 కిలోమీటర్ల ఒంటిలైనును డబ్లింగ్, విద్యుదీకరణ చేసి, ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు స్టేషన్లు కట్టారు. తూర్పు శివారు నుంచి సికింద్రాబాద్ రద్దీలోకి దిగకుండానే పడమటికి చేరుకునే వీలు దీనితో ఏర్పడింది. ఇంత మంచి మార్గంలో రోజు మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని రైళ్లు మాత్రమే నడపడం, బావి తవ్వి చేద వేయడం మరచిపోయినట్టుంది.

స్టేషను దాకా చేరడం మరో కథ. హైటెక్ సిటీ పేరుతో ఎంఎంటీఎస్ స్టేషను ఒకటి, మెట్రో స్టేషను ఒకటి ఉన్నాయి. రెండూ ఒకటేననుకుని దిగే కొత్తవారు ఆ నడుమ దూరానికి ఆటో మాట్లాడుకోక తప్పదు. పట్టాలు రైల్వేవి, రోడ్డు నగరపాలక సంస్థది, బస్సు ఆర్టీసీది, మెట్రో మరొకరిది. వీటన్నిటినీ కలిపి ఆలోచించడానికే 2008 నాటి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చట్టంలో ఏకీకృత రవాణా ప్రాధికార సంస్థకు చోటు కల్పించారు. అయినా రైలు దిగే వేళకు బస్సు సిద్ధంగా ఉండే స్టేషన్లు అరుదు, అన్నిటికీ చెల్లే ఒకే టికెట్టు లేదు. చర్లపల్లిలో సుమారు రూ.413 కోట్లతో కట్టిన రైల్వే టెర్మినల్‌ను 2025 జనవరి 6న ప్రారంభించేనాటికి కూడా అక్కడికి చేరే రోడ్ల విస్తరణ పూర్తికాలేదు.

ఇక ముందు రాబోయేవాటిలో ఘట్‌కేసర్ నుంచి యాదాద్రికి 33 కిలోమీటర్ల పొడిగింపు ఉంది. ప్రాంతీయ రింగురోడ్డు వెంట 564 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రైలుకు 2023లో తుది స్థల సర్వే మంజూరైంది. మొదటిది భక్తులకే కాక భువనగిరి వైపు నుంచి రోజూ వచ్చిపోయే ఉద్యోగులకూ పనికొస్తుంది కనుక దాన్ని ముందు పూర్తిచేయాలన్నది నా అభిప్రాయం. రెండోదానిలో స్టేషన్లు ఎక్కడ వస్తాయో హెచ్‌ఎండీఏ తన మాస్టర్‌ప్లాన్‌లో ఇప్పుడే గుర్తించి, వాటికి దారులు, బస్సు నిలిపే స్థలాలు కేటాయిస్తే, తరువాత ఇళ్లు కూల్చి రోడ్డు వేయాల్సిన పని తప్పుతుంది.

మీ ఇల్లు, ఆఫీసు రెండూ లింగంపల్లి–బేగంపేట–నాంపల్లి వరుసలో ఉంటే సీజన్ టికెట్టు కొనడానికి ఆలోచించనక్కరలేదు. మేడ్చల్, ఘట్‌కేసర్, ఉందానగర్ వైపువారు ముందు సమయసూచిక చూసుకుని, వెళ్లే రైలుతో పాటు తిరిగొచ్చే రైలు వేళ కూడా రాసిపెట్టుకుని బయలుదేరడం మేలు.