యూపీఐ లైట్‌తో ఇంటి ఖర్చు: రెండేళ్ళు దాటిన వాడకం తర్వాత

కర్నూలులో నెల జీతం మీద నడిచే ఇల్లు మాది. అద్దె, పాలు, ఫీజులు, కిరాణా అన్నీ మొదటి వారంలోనే లెక్క ప్రకారం పోతాయి. లెక్కకు అందనివి చిల్లర ఖర్చులే. పొద్దున వంట చేయలేక తెచ్చుకున్న ఉగ్గాని బజ్జి, సాయంత్రం పాపకు ఐస్‌క్రీం, ఆటో, పూలు, రాజ్‌విహార్ దగ్గర కంటికి నచ్చిన క్లిప్పులు. విడివిడిగా చూస్తే ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు. నెలాఖరున బ్యాంకు బ్యాలెన్స్ చూసుకున్నప్పుడు మాత్రం టెన్షన్ మొదలవుతుంది. డైరీలో రాసుకోవడం, కూపన్లు, క్యాష్‌బ్యాక్ ఆఫర్లు అన్నీ ప్రయత్నించాను. మా ఇంట్లో నిలబడింది యూపీఐ లైట్ ఒక్కటే. వాడబట్టి రెండేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాయగలను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. యూపీఐ లైట్ 2022 సెప్టెంబరులో వచ్చింది. బ్యాంకు ఖాతాలోంచి కొంత డబ్బు ముందుగానే యాప్‌లోని లైట్‌లోకి వేసుకుంటాం. చిన్న చెల్లింపులు అందులోంచి పిన్ అడగకుండానే వెళ్ళిపోతాయి. ఒక్కో చెల్లింపుకు పరిమితి మొదట్లో 200 రూపాయలు, 2023లో 500 అయింది, 2024 డిసెంబరు నుంచి 1000. లైట్‌లో ఒకేసారి ఉంచుకోగలిగేది అప్పుడే 2000 నుంచి 5000కు పెరిగింది. అమ్మేవాళ్ళకు తేడా ఏమీ ఉండదు. అదే క్యూఆర్ కోడ్, డబ్బు నేరుగా వాళ్ళ ఖాతాలోకే పడుతుంది.

చాలామంది దీన్ని త్వరగా పని అవుతుందని వాడతారు. నేను వాడేది ఖర్చుకు హద్దు గీయడానికి. ప్రతి ఆదివారం రాత్రి లైట్‌లో 2000 ఉండేలా చూస్తాను. కూరగాయలు, పండ్లు, టిఫిన్, ఆటో, పూలు, మందుల షాపులో చిన్నాచితకా, పిల్లల పెన్నులు అన్నీ వారమంతా అందులోంచే. అది అయిపోయాక స్కాన్ చేస్తే యాప్ మామూలు యూపీఐకి వెళ్ళి పిన్ అడుగుతుంది. ఈ పద్ధతి పనిచేసేది సరిగ్గా అక్కడే. ఆరు రోజులుగా పిన్ కొట్టే అవసరం రాని చేతికి ఒక్కసారిగా పిన్ తెర కనిపించగానే, ఈ వారం డబ్బు అయిపోయిందని అర్థమైపోతుంది. షాపు ముందు నిలబడి అప్పుడు ఆలోచిస్తాం, ఇది ఇవాళే కొనాలా అని. కొనాల్సిందైతే పిన్ కొట్టి కొంటాను, అందులో తప్పేమీ లేదు. కానీ సగం సార్లు ఆ వస్తువు అక్కడే ఉండిపోతుంది.

సి.క్యాంపు రైతు బజారులో దీని ఫలితం బాగా కనిపిస్తుంది. రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. ఆ రోజు ధర బోర్డు మీద రాసి ఉండటం వాటిలో ఉన్న పెద్ద సుఖం. ఇదివరకు నేను బోర్డు వైపు కూడా చూసేదాన్ని కాదు, కనిపించిందల్లా సంచిలో వేయించుకోవడమే. ఇప్పుడు గేటు దగ్గరే ఫోన్ తీసి లైట్‌లో ఎంతుందో చూసి, తర్వాత బోర్డు చూస్తాను. గురువారం నాటికి 300 లోపు ఉందంటే బీన్స్, క్యారెట్ వదిలేసి గోరుచిక్కుడు, వంకాయ, ఆకుకూరల వైపు నడుస్తాను. నేను ఎప్పుడూ కొనే అంగడి ఆమెకు ఇది తెలిసిపోయింది. "ఏమక్కా, ఈ వారం డబ్బులు ఐపోయినాయా? ఉల్లిగడ్డలు రెండు కేజీలు తీసుకో, నిలవుంటాయిలే" అంటుంది. కర్నూలులో ఉంటూ ఉల్లిగడ్డ సీజన్‌లో నాలుగు కేజీలు తెచ్చి ఆరబెట్టుకోకపోతే మనకే నష్టం. ధర పడిపోయినప్పుడు రైతుల గురించి బాధ కలుగుతుంది, అందుకే నేను ఉల్లిగడ్డ బేరం ఆడను.

బట్టల విషయంలో నా నియమం వేరు. లైట్ డబ్బుతో బట్టలు కొనను. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో 799కి కుర్తీ కనిపిస్తుంది, పక్కనే కొట్టేసిన 1999 కనిపిస్తుంది, 1000 లోపు కాబట్టి లైట్‌తో ఒక్క నొక్కుకు అయిపోతుంది. పిన్ లేకపోవడం ఇక్కడ మేలు కాదు, కీడు. అందుకే షాపింగ్ యాప్‌లో లైట్ ఎప్పుడూ ఎంచుకోను. ఆదివారం లైట్‌లో మిగిలిన దాన్ని బట్టి లోటు మాత్రమే నింపుతాను. 350 మిగిలితే 1650 వేస్తాను, వేయక్కర్లేకుండా మిగిలిన ఆ 350ని బ్యాంకులోంచి వేరే ఖాతాలోకి పంపేస్తాను. పండగ బట్టలు ఆ ఖాతాలోంచే. ఇలా మిగిలేది అన్ని నెలలూ ఒకేలా ఉండదు, కానీ మామూలు నెలలో 1200 నుంచి 1500 దాకా వస్తోంది. అందులో 500 పోస్టాఫీసు ఆర్‌డీకి పోతుంది. నెలకు 100 నుంచే కట్టొచ్చు, అయిదేళ్ళ గడువు.

బట్టల బిల్లు చూసే అలవాటు కూడా ఈ మధ్యే వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ బట్టల జీఎస్టీ మారింది. ముక్క ధర 2500 దాకా అయితే 5 శాతం, అది దాటితే 18. అంతకుముందు 1000 దాటితేనే 12 ఉండేది. అంటే 1800 చుడీదార్‌కు పన్ను తగ్గింది, 3000 లెహంగాకు పెరిగింది. పెళ్ళికి అని ఒకే ఖరీదైన డ్రెస్సు తీసుకోవడం కన్నా, మధ్య ధరవి రెండు తీసుకుంటే రోజూ కట్టుకోవడానికీ పనికొస్తాయి. చీరలకు ఈ 2500 లెక్క లేదు, ధర ఎంతైనా 5 శాతమే. ఒంటి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు కూడా అదే రోజు 18 నుంచి 5కు దిగాయి. పాత ధర అచ్చయిన ప్యాకెట్లు కొన్నాళ్ళు షాపుల్లో తిరిగాయి కాబట్టి నేను బిల్లు అడిగి మరీ చూసుకున్నాను.

దుప్పట్లు, తువ్వాళ్ళు ఎమ్మిగనూరు వెళ్ళి తెచ్చుకుంటాం. 1938లో మాచాని సోమప్ప మొదలుపెట్టిన నేతగాళ్ళ సహకార సంఘంతో పేరొచ్చిన ఊరది. దుప్పటి తీసుకునేటప్పుడు నేను విప్పించి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తాను. నేత అంతటా ఒకే ఒత్తుగా ఉందా, అంచు వెంట సన్నగా సూది గుచ్చినట్టు చుక్కలు ఉన్నాయా అని. మగ్గం మీద బట్ట లోపలికి ముడుచుకోకుండా రెండు అంచులనూ పట్టి ఉంచే పుల్ల గుర్తులవి. అవొక్కటే చేనేతకు రుజువని చెప్పలేం గానీ, చేత్తో తడిమితే కాస్త గరుకుగా, బరువుగా ఉండి ఆ చుక్కలు కూడా కనిపిస్తే నాకు నమ్మకం. రెండు ఉతుకులకు మెత్తబడి, ఏళ్ళ తరబడి వస్తుంది. ఆన్‌లైన్‌లో రెండు కలిపి 599కి వచ్చే దుప్పట్లు మా ఇంట్లో ఒక ఎండాకాలం దాటలేదు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాక ఆ ప్రయాణం ఖర్చు కూడా పోయింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు ఇస్తారు. సూపర్ లగ్జరీకి వర్తించదు, పక్క రాష్ట్రం వెళ్ళే బస్సులకూ వర్తించదు. కాబట్టి తుంగభద్ర దాటి గద్వాల చీరకు వెళ్ళాలంటే టికెట్టు కొనాల్సిందే. ఇదివరకు బస్సులకని లైట్‌లోంచి పోయే డబ్బు ఇప్పుడు వారం చివరికి అలాగే కనిపిస్తోంది. నా వరకు ఏ క్యాష్‌బ్యాక్ కన్నా ఇదే పెద్దది.

సరదాల సంగతి త్వరగా చెప్పేస్తాను. సినిమాకు నెలకొకసారి వెళ్తాం. టికెట్టు 100 లోపు అయితే జీఎస్టీ 5 శాతం, పైన 18, అందుకని మాకు కింది క్లాసే హాయి. ఖర్చంతా ఇంటర్వెల్‌లోనే ఉంటుంది కాబట్టి పిల్లలకు ముందే కడుపునిండా పెట్టి తీసుకెళ్తాను. మిగతా ఆదివారాలు ఓర్వకల్లు రాక్ గార్డెన్, లేదంటే సాయంత్రం కొండారెడ్డి బురుజు దాకా నడక. డబ్బాలో చిత్రాన్నం, పెరుగన్నం ఉంటే బయట కొనేది మంచినీళ్ళు కూడా ఉండదు.

ఇక నచ్చనివి. లైట్‌లో ఉన్న డబ్బుకు వడ్డీ రాదు. 2000కు వారం వడ్డీ ఎంతని నేను పట్టించుకోను, 5000 నింపి ఉంచేవాళ్ళు ఆలోచించుకోవాలి. పిన్ ఉండదు కాబట్టి ఫోన్‌కూ యాప్‌కూ లాక్ తప్పనిసరి. ఫోన్ తాళం తెలిసిన పిల్లలున్న ఇంట్లో ఇది చాలా ముఖ్యం. బ్యాంకు సర్వర్ మొరాయించినప్పుడు కూడా లైట్ చెల్లింపు చాలాసార్లు వెళ్ళిపోతుంది, కానీ ఇంటర్నెట్ మాత్రం ఉండాలి. ఇంకొకటి, పాస్‌బుక్‌లో లైట్‌లోకి వేసిన మొత్తమే పడుతుంది. పది, ఇరవై రూపాయల వరసలు లేక పాస్‌బుక్ శుభ్రంగా ఉంటుంది, మా అత్తమ్మకు అదే నచ్చింది. ఏ రోజు దేనికి పోయిందో తెలియాలంటే మాత్రం యాప్‌లోనే చూసుకోవాలి.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఆటో టాప్-అప్. బ్యాలెన్స్ తగ్గగానే తనంతట తానే నింపుకునే ఏర్పాటు ఇది. నేను వాడే యాప్ దాన్ని ఆన్ చేయమని పదేపదే అడుగుతూనే ఉంటుంది. ఆన్ చేశామా, డబ్బు అయిపోయిందని తెలిసే అవకాశమే పోతుంది, పిన్ తెర ఇక కనిపించదు. పొదుపు కోసం లైట్ వాడాలనుకునేవాళ్ళు మొట్టమొదట చేయాల్సిన పని దాన్ని ఆఫ్‌లో ఉంచడం. పరిమితి 5000 అయింది కదా అని అంతా నింపడం కూడా అంతే, వారానికి ఎంత చాలునో అంతే వేసుకోండి.

ఫోన్ మార్చేటప్పుడు పాత ఫోన్‌లోనే లైట్ ఆపేసి, అందులో ఉన్నది బ్యాంకు ఖాతాకు వచ్చిందని చూసుకున్నాకే సిమ్ తీయండి. లైట్ డబ్బు ఆ ఫోన్‌తో ముడిపడి ఉంటుంది.

డిగ్రీ చదివే మా పెద్దాడికి మాత్రం ఇది కాకుండా యూపీఐ సర్కిల్ పెట్టాం, అంటే మా ఆయన ఖాతాలోంచే వాడు చెల్లించే ఏర్పాటు. వాడు స్కాన్ చేసిన ప్రతిసారీ మా ఆయన ఫోన్‌కు అడుగుతుంది, ఆయన పిన్ కొడితేనే వెళ్తుంది. మొదటి వారం ఇద్దరికీ విసుగొచ్చింది. ఇప్పుడు వాడు క్యాంటీన్‌కు వెళ్ళే ముందే నాన్నకు ఫోన్ చేసి చెప్తున్నాడు.