ఆరేళ్ళ తరువాత మా క్యాంపర్ ట్రైలర్: ఎర్రమట్టి దారుల్లో తేలిన లెక్కలు

మెల్‌బోర్న్‌లో ఉంటున్న మేము 2018 చివరలో ఒక క్యాంపర్ ట్రైలర్, అంటే కారు వెనుక లాక్కెళ్ళే మడత గుడారపు బండి, కొన్నాము. నేనూ మా ఆవిడా ఇద్దరు పిల్లలూ దాన్ని టొయోటా ప్రాడో వెనుక తగిలించుకుని ఆరేళ్ళలో సుమారు 27,000 కిలోమీటర్లు తిరిగాము. అందులో మూడో వంతు తారు ఎరగని దారులే: 2019 జులైలో ఊడ్నడాటా ట్రాక్, మరొకసారి బర్డ్స్‌విల్ ట్రాక్, నడుమ ఫ్లిండర్స్ కొండల్లో చిన్న ప్రయాణాలు. పైమూత ముందుకు తిరగబడి మంచంగా మారే రకం ఇది. పక్క నుంచి వంటగది సొరుగులా బయటికి వస్తుంది. తయారీదారు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ ధరలో దొరికే ట్రైలర్లన్నింటికీ మంచిచెడ్డలు దాదాపు ఒక్కటే, పైగా నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా బరువు గురించి.

ట్రైలర్ మీద బిగించిన పలక ప్రకారం ఖాళీ బరువు 1,480 కిలోలు, సామానుతో కలిపి మించకూడని బరువు 2,000 కిలోలు. ఈ రెండో అంకెను ఇక్కడ ఏటీఎం అంటారు. మనకు ఏటీఎం అంటే డబ్బు ఇచ్చే యంత్రం, ఇది మాత్రం తీసుకునే రకం. 520 కిలోల సామాను పడుతుంది కదా అని ధీమాగా నింపుకున్నాము. బయలుదేరడానికి వారం ముందు, "ఎందుకైనా మంచిది, ఒకసారి తూకం వేయించండి" అని మా ఆవిడ పోరితే వే బ్రిడ్జి మీదికి ఎక్కించాను. 2,070 చూపించింది. ఇంటికి తెచ్చి సామానంతా దించి మళ్ళీ తూయిస్తే ఖాళీ ట్రైలరే 1,590 కిలోలు ఉన్నది. అమ్మిన వాళ్ళు తామే బిగించి ఇచ్చిన పందిరి గుడ్డ, రెండో స్టెప్నీ, రెండో బ్యాటరీ పలక మీది అంకెలో కలవలేదన్న మాట. వాళ్ళను అడిగితే, అవన్నీ మీరు కోరి పెట్టించుకున్నవే కదా అన్నారు. అది నిజమే కానీ, కొనేనాడు ఆ ముక్క ఒక్కరూ చెప్పలేదు. ట్రైలర్ చక్రాల మీద పడే బరువు రెండు టన్నులు దాటితే, బండి నుంచి ట్రైలర్ విడిపోయినప్పుడు దానంతట అదే బ్రేకు పడే ఏర్పాటు ఉండి తీరాలి, మాకు అది లేదు. ప్రమాదం జరిగితే బీమా వాళ్ళు మొదట అడిగేది కూడా ఈ బరువే.

కొక్కెం మీద పడే బరువు ఇంకొక చిక్కు. అది మొత్తం బరువులో పదో వంతుకు దగ్గరగా ఉంటే ట్రైలర్ నిలకడగా వస్తుంది, బాగా తగ్గితే వేగంలో తోక ఊపడం మొదలుపెడుతుంది. మా ట్రైలర్‌లో 70 లీటర్ల నీళ్ళ ట్యాంకులు రెండూ ఇరుసుకు ముందే ఉన్నాయి. నిండుగా ఉన్నప్పుడు కొక్కెం మీద 235 కిలోలు పడుతుంది, ప్రాడో ఓర్చుకునేది 250. రోజూ నీళ్ళు వాడేకొద్దీ ఈ అంకె దిగజారుతుంది కాబట్టి, బియ్యం, పప్పు డబ్బాలను ఇరుసు వెనుక నుంచి ముందు పెట్టెలోకి మార్చుకుంటూ రావలసి వచ్చింది. అమ్మకందారుల కాగితాల్లో పరుపు మందం కూడా రాస్తారు, ఈ సంగతి మాత్రం నాకెక్కడా కనిపించలేదు.

బరువు తగ్గించుకోవాలంటే ముందు భయం తగ్గించుకోవాలి. మొదటిసారి నలభై లీటర్ల డీజిల్ డబ్బాల్లో మోసుకుపోయాను. మారీ నుంచి మార్లా దాకా ఊడ్నడాటా ట్రాక్ సుమారు 620 కిలోమీటర్లు, దారిలో విలియం క్రీక్‌లోనూ ఊడ్నడాటాలోనూ డీజిల్ దొరుకుతుంది. మా ప్రాడో రెండు ట్యాంకులలో కలిపి 150 లీటర్లు పడుతుంది, ట్రైలర్ లాగుతూ వందకు పదహారు లీటర్లు తాగినా తొమ్మిది వందల కిలోమీటర్లు వస్తుంది. ఆ డబ్బాల మూతలు ఒక్కసారి కూడా విప్పకుండా ఇంటికి తెచ్చాను. 517 కిలోమీటర్ల బర్డ్స్‌విల్ ట్రాక్ మీద కూడా నడుమ మంగరానీలో ఇంధనం ఉన్నది. ధర మాత్రం పట్నంలో కంటే బాగా ఎక్కువ, దానికి సిద్ధపడి వెళ్ళాలి.

నీళ్ళ విషయంలో పొదుపు పనికిరాదు. మనిషికి రోజుకు ఏడు లీటర్లు వేసుకున్నాము, అది తాగడానికీ వంటకూ మాత్రమే. విలియం క్రీక్ దాటాక ఒక రాయి ఎగిరి ట్యాంకు కింది కుళాయిని విరగ్గొట్టింది, సాయంత్రం ఆగి చూసేసరికి డెబ్బై లీటర్లూ దారికి దానం అయిపోయాయి. ట్యాంకులు రెండు ఉండడం, అవి వేరువేరు గొట్టాలతో ఉండడం ఆ రోజు మమ్మల్ని కాపాడింది. ఇప్పుడు ఆ కుళాయిలకు ఇనుప రేకు తొడిగించాను, బండి లోపల ఇంకొక ఇరవై లీటర్ల డబ్బా వేరుగా ఉంటుంది.

ఊడ్నడాటా దారి సిమెంటు రేకుల కప్పు మీద బండి నడిపినట్టు ఉంటుంది. టైర్లలో గాలి 26 పి.ఎస్.ఐ.కి దించి, ట్రైలర్ టైర్లకు కూడా అంతే ఉంచి, గంటకు డెబ్బై దాటకుండా వెళితే ఆ అదురు భరించగలిగేలా ఉంటుంది. అదురు అంటే ఏమిటో మా ఆవకాయ సీసా చెప్పింది. బిగించి పెట్టిన మూత నాలుగు గంటల ప్రయాణంలో తనంతట తానే మరలు ఊడివచ్చి, నూనె అంతా సొరుగులోకి దిగి, గరిటెల నుంచి గ్యాసు పొయ్యి దాకా అన్నీ ఎర్రగా తేలాయి. పక్కపక్కనే పెట్టిన శీతల పానీయాల అల్యూమినియం డబ్బాలు ఒకదానికొకటి రాసుకుని సూది మొనంత బెజ్జాలు పడి ఖాళీ అయ్యాయి. సీసా మూతలకు టేపు చుట్టడం, డబ్బాల నడుమ పాత తువ్వాళ్ళు కూరడం అప్పటి నుంచి అలవాటు అయింది.

బండి వెనుక చక్రాలు విసిరిన రాళ్ళు ట్రైలర్ ముందు పెట్టెకు తగిలి వెనక్కి వస్తాయని తెలియక, ఊడ్నడాటాకు అరవై కిలోమీటర్ల దూరంలో ప్రాడో వెనుక అద్దం పోగొట్టుకున్నాము. పిండిలా సన్నగా ఉండే ఆ ఎర్రదుమ్ములో పిల్లలు తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు. కొక్కెం వైపు ఏటవాలుగా గట్టి వల కట్టించాక మళ్ళీ అలా జరగలేదు.

చక్రాల బేరింగుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆగిన ప్రతిచోటా చక్రం నడిమి గిన్నె మీద అరచేతి వెనుక భాగం ఆనించి చూడడం నా పని. గోరువెచ్చగా ఉంటే సరే, రెండు క్షణాలు కూడా చెయ్యి ఉంచలేకపోతే లోపల ఏదో అరుగుతున్నట్టే. కౌవర్డ్ స్ప్రింగ్స్ దగ్గర ఎడమ చక్రం అలా కాలింది. విప్పి చూస్తే గ్రీజు నల్లబడి, బేరింగు గుండ్ల మీద నీలం చారలు కనిపించాయి. విడి సెట్టు, గ్రీజు డబ్బా, పానాలు, జాకీ వెంట ఉన్నాయి కాబట్టి రెండు గంటల్లో మార్చుకోగలిగాను. కొత్త ట్రైలర్‌లో ఇలా ఎందుకు జరిగిందంటే, మొదటి నుంచి గ్రీజు సగమే పెట్టి పంపించారు. మిగతా చక్రాలు కూడా విప్పితే ఆ సంగతి తెలిసింది. బర్డ్స్‌విల్ దారిలో ఇంకొక దెబ్బ తగిలింది: మన లారీలవాళ్ళు కమాన్ పట్టీలనే లీఫ్ స్ప్రింగులలో ఒక పట్టీ పగిలింది. కర్రదిమ్మె పెట్టి బెల్టుతో కట్టి, గంటకు నలభైతో బర్డ్స్‌విల్ ఊరు చేరి, పట్టీ మార్పించడానికి రెండు రాత్రులు ఆగవలసి వచ్చింది. ఆ ఖాళీలో ట్రైలర్‌ను అక్కడే వదిలి, ఊరికి పడమరగా సుమారు 35 కిలోమీటర్లలో ఉన్న బిగ్ రెడ్ ఇసుక తిన్నె చూసి వచ్చాము. దాదాపు నలభై మీటర్ల ఆ తిన్నె ఎక్కాలంటే టైర్ల గాలి పదహారుకు దించాలి. అటుపైన సింప్సన్ ఎడారిలో అలాంటి తిన్నెలు 1,100కు పైగా వరుసగా ఉన్నాయి, అక్కడికి ట్రైలర్‌తో వెళ్ళే ఆలోచనే నాకు లేదు.

క్యాన్వాసు మాత్రం వంక పెట్టలేనిది. కొన్న కొత్తలో ఇంటి పెరట్లో పరిచి, గొట్టంతో తడిపి ఆరబెట్టడం మూడుసార్లు చేశాను, దారాలు ఉబ్బి కుట్టు రంధ్రాలు మూసుకుంటాయి. ఆరేళ్ళలో లోపలికి చుక్క దిగలేదు. తడి మీద మడిచిన ఒక్కసారి మాత్రం మూడు రోజుల్లో నల్లటి బూజు మచ్చలు వచ్చాయి, అవి ఈనాటికీ పోలేదు. తెరిచి మంచం వేయడానికి ఎనిమిది నిమిషాలు, పందిరి గుడ్డ కూడా కట్టాలంటే ముప్పావు గంట పడుతుంది. ఆ గుడ్డ బరువు ఇరవై ఎనిమిది కిలోలు. రెండో ప్రయాణం నుంచి దాన్ని గ్యారేజీలోనే ఉంచేశాము.

తిండి ఏర్పాటు రాష్ట్రం సరిహద్దును బట్టి ఉంటుంది. విక్టోరియా నుంచి దక్షిణ ఆస్ట్రేలియాలోకి వెళ్ళేటప్పుడు యాంబా తనిఖీ కేంద్రం దగ్గర పళ్ళ ఈగ భయంతో తాజా పళ్ళూ కాయగూరలూ ఆపేస్తారు. మొదటిసారి నిమ్మకాయలు, టమాటాలు, పచ్చిమిరపకాయలు అన్నీ అక్కడి బుట్టలో వేసి ముందుకు కదిలాము. ఇప్పుడు ఆ కేంద్రం దాటాక వచ్చే రెన్‌మార్క్‌లోనే కొనుక్కుంటున్నాము.

అరవై లీటర్ల ఫ్రిజ్, వంద ఆంపియర్ గంటల లిథియం బ్యాటరీ, రెండు వందల వాట్ల సౌర పలక మూడూ మా నలుగురికీ సరిపోయాయి. వాటి గురించి ఫిర్యాదు లేదు. మొబైల్ సంకేతం దొరకని రోజులే ఎక్కువ కాబట్టి, ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే పరికరం, దారిలో బండ్లవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే యూహెచ్ఎఫ్ రేడియో తప్పనిసరి. 40వ ఛానెల్ మీద రోడ్ ట్రైను (వెనుక వరుసగా ట్రైలర్లు తగిలించిన లారీ) నడిపేవాళ్ళ మాట వినబడగానే పక్కకు తీసి ఆగిపోవడం మంచిది, యాభై మీటర్లు దాటిన ఆ బండ్లు లేపే దుమ్ములో ఏమీ కనబడదు. వాన పడితే దారి మూసేస్తారు, మూసిన దారి మీద పోతే జరిమానా పడుతుంది. మారీలో మేము రెండు రోజులు అలా ఆగాము. అందుకే ప్రయాణపు తేదీల్లో మూడు రోజులు ఏ పనీ లేకుండా వదిలిపెడతాను.

ఇదే ట్రైలర్ మళ్ళీ కొంటానా అంటే, కొంటాను, కానీ వే బ్రిడ్జి చీటీ చేతికి ఇచ్చాకే డబ్బు ఇస్తాను. వచ్చే మే నెల ప్రయాణానికి నీళ్ళతో సహా అన్నీ నింపి మొన్ననే తూయించాను: 1,910 కిలోలు. మా ఆవిడ ఆ చీటీ చూసి, అయితే ఇంకొక పదిహేను కిలోల గ్రైండరు పడుతుందని తేల్చింది. నేను ఇంకా ఒప్పుకోలేదు.