గుంటూరులో కంప్యూటర్ జాతకం వేయించాం: మొదటి ఐదు పేజీలకే ఆ డబ్బులు

ముందే చెప్పేస్తా. పుస్తకంలో మొదటి ఐదు పేజీలు నిజంగా పనికొచ్చేవి, ఆ తర్వాత ముప్ఫై పేజీలు కాగితం దండగ. కానీ ఆ ఐదు పేజీలు చూడటం రాకపోతే తప్పు జాతకం చేతిలో పెట్టినా తెలీదు, మాకు మొదట ఇచ్చింది అదే. అందుకే రివ్యూతో పాటు ఆ పేజీల్లో ఏముంటుందో కూడా రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

షాపు అరండల్‌పేటలో. పేరు రాయను. జిరాక్సు, లామినేషన్, పాన్ కార్డు అప్లికేషన్లతో పాటు జాతకాలు కూడా వేసే షాపులు గుంటూరులోనూ విజయవాడలోనూ బోలెడు ఉన్నాయి, ఇదీ అలాంటిదే. నలుపు తెలుపు ప్రింటు 300, రంగులైతే 600. అట్ట మీద వెంకటేశ్వరస్వామి, స్పైరల్ బైండింగు. మా చెల్లి రంగులదే కావాలంది, మొదటి పిల్లాడు కదా.

బాబు కృష్ణాష్టమి నాడు సాయంత్రం 4.20కి గుంటూరులోనే పుట్టాడు. పైగా రోహిణి నక్షత్రం. రోహిణిలో పుడితే మేనమామకి గండం అంటారు కదా, ఆ మేనమామని నేనే. ఆసుపత్రిలోనే మొదలుపెట్టేశారు మా బావ వాళ్లు, నేను గదిలోకి రాగానే "అదుగో కంసుడొచ్చాడు" అని. జాతకం వేయించే డ్యూటీ కూడా అలాగే నా మెడకి చుట్టుకుంది.

మొదటి పేజీలో పుట్టిన తేదీ, టైము, ఊరు, వాటి కింద పంచాంగం: తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. ఇవన్నీ లెక్కలే, భయపడేంత ఏం లేదు. తిథి అంటే రవికీ చంద్రుడికీ మధ్య ఉన్న దూరం, 12 డిగ్రీలకి ఒక తిథి. ఇద్దరూ ఒకేచోట కలిస్తే అమావాస్య, ఎదురెదురుగా ఉంటే పౌర్ణమి. నక్షత్రం అంటే ఆ టైముకి చంద్రుడు ఆకాశంలో ఏ ముక్కలో ఉన్నాడని. మొత్తం 360 డిగ్రీలని 27 భాగాలు చేస్తే ఒక్కోటి 13 డిగ్రీల 20 నిమిషాలు (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు), దాన్ని మళ్లీ నాలుగు చేస్తే పాదం, అంటే 3 డిగ్రీల 20 నిమిషాలు. రాశికి 30 డిగ్రీలు కాబట్టి ఒక్కో రాశిలో తొమ్మిది పాదాలు పడతాయి. మనవాళ్లు "మీది ఏ రాశి" అని అడిగితే చంద్రుడున్న రాశి చెప్పాలి. ఇంగ్లీషు పేపర్లలో పుట్టిన తేదీని బట్టి చెప్పేది రవి ఉన్న రాశి, పైగా వాళ్లది సాయన లెక్క (ఋతువుల్ని బట్టి రాశులు), మనది నిరయనం (నక్షత్రాల్ని బట్టి), అందుకని అక్కడ ఒకటి ఇక్కడ ఒకటి వచ్చిందని కంగారుపడక్కర్లేదు.

ఆ రెండు లెక్కలకీ మధ్య తేడానే అయనాంశ. అదే పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో "చిత్రపక్ష అయనాంశ" అని ఉంటుంది (చిత్తా నక్షత్రాన్ని గుర్తుగా పెట్టుకుని వేసే లెక్క), ఎవరూ చూడరు. ఇప్పుడది 24 డిగ్రీలు దాటింది, సుమారు 72 ఏళ్లకి ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ ఉంటుంది. సూర్యుడు ఉత్తరం వైపు తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో అయినా మనం సంక్రాంతి జనవరి 14, 15కి చేసుకుంటున్నామంటే ఈ తేడా వల్లే. మేఘనాథ్ సాహా అధ్యక్షతన వేసిన క్యాలెండర్ సంస్కరణ కమిటీ 1955లో ఇచ్చిన రిపోర్టులో ఈ చిత్రపక్షాన్నే తీసుకుంది, చాలా సాఫ్ట్‌వేర్లు వాడేది కూడా ఇదే. రెండుచోట్ల జాతకం వేయించి తేడా వచ్చిందని షాపువాడితో గొడవపడే ముందు ఈ ఒక్క లైను రెండిట్లో ఒకటేనా కాదా చూసుకోండి.

మొదటి ప్రింటులో ఊరు హైదరాబాద్ అని పడింది. అడిగితే "ఏం కాదు సార్, అన్నిటికీ అదే కొడతాం" అన్నాడు. పూర్తిగా అబద్ధం కూడా కాదు, గుంటూరుకీ హైదరాబాదుకీ రేఖాంశంలో తేడా రెండు డిగ్రీలే, అంటే టైములో ఎనిమిది నిమిషాలు. చంద్రుడికి ఆ ఎనిమిది నిమిషాల్లో ఏమీ కాదు, కానీ లగ్నం ఒక రాశి చివర్లో ఉంటే పక్క రాశిలోకి దూకేయడానికి ఎనిమిది నిమిషాలు చాలు. ఆరువందలు తీసుకుని ఊరి పేరు టైపు చేయడానికి బద్ధకమేంటో నాకైతే అర్థం కాలేదు.

ఇక రెండో పేజీ, చక్రం. పేరుకి చక్రం గానీ చుట్టూ పన్నెండు గడులున్న చదరం. మనవైపు వేసే చక్రంలో రాశులు కదలవు. పై వరసలో ఎడమ నుంచి రెండో గడి ఎప్పుడూ మేషం, అక్కణ్నుంచి గడియారం తిరిగినట్టు వృషభం, మిథునం అలా వెళ్లి ఎడమ పై మూల మీనంతో పూర్తవుతుంది. గడుల్లో ర, చం, కు, బు, గు, శు, శ, రా, కే అని తొమ్మిది గ్రహాలు, "ల" అని లగ్నం. లగ్నం అంటే పుట్టిన క్షణానికి తూర్పు దిక్కున ఉదయిస్తున్న రాశి. రోజులో 12 రాశులూ ఉదయించాలి కాబట్టి సుమారు రెండు గంటలకొకటి మారుతుంది. లగ్నం ఉన్న గడిని ఒకటి అనుకుని అక్కణ్నుంచి లెక్కపెడితే రెండు ధనస్థానం, నాలుగు మాతృస్థానం, ఏడు కళత్రస్థానం, పది కర్మస్థానం, అలా. అంటే లగ్నం తప్పితే పుస్తకం మొత్తం తప్పినట్టే.

చక్రం చేతికి రాగానే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇవి మా తాతయ్య పంచాంగం ముందేసుకుని నాకు చిన్నప్పుడు నేర్పినవి. రాహువు, కేతువు ఎప్పుడూ ఎదురెదురు గడుల్లోనే ఉండాలి. బుధుడు రవితో కలిసి గానీ పక్క గడిలో గానీ ఉండాలి, 28 డిగ్రీలకి మించి దూరం పోడు. శుక్రుడు కూడా 48 డిగ్రీలు దాటడు, రవికి ఎదురు గడిలో శుక్రుడు కనపడితే ఆ కాగితం చింపేయొచ్చు. రవి ఏప్రిల్ 14 ప్రాంతంలో మేషంలోకి వచ్చి నెలకో గడి నడుస్తాడు. లగ్నానికైతే ఇంకా తేలిక: సూర్యోదయం వేళ పుడితే లగ్నం రవి ఉన్న గడిలోనే ఉంటుంది, సూర్యాస్తమయం వేళ పుడితే ఎదురు గడిలో.

మా చేతికొచ్చిన చక్రంలో రవి సింహంలో ఉన్నాడు, సరే. చంద్రుడు వృషభంలో, బహుళ అష్టమి కాబట్టి అదీ సరే. లగ్నం మాత్రం కర్కాటకం, అంటే రవికి ఒక గడి ముందు. సాయంత్రం 4.20కి పుట్టినవాడికి లగ్నం రవికి అయిదారు గడుల అవతల ఉండాలి గానీ ముందు గడిలో ఎలా ఉంటుంది? ఆ గడి ఇంకా తెల్లారకముందు పుట్టినవాళ్లది. మొదటి పేజీ తిప్పి చూస్తే ఉదయం 4.20 అని ఉంది. నేను రాసిచ్చిన చీటీలో "సా. 4.20" అని నా చేతిరాతే ఉంది, వాళ్ల బల్ల మీద ఇంకా అలాగే పడి ఉంది.

పన్నెండు గంటల తేడా ఎంత చేసిందో చూడండి. లగ్నం కర్కాటకం పోయి సరిగ్గా ఎదురుగా మకరం అయింది. చంద్రుడు పన్నెండు గంటల్లో సుమారు ఆరున్నర డిగ్రీలు నడుస్తాడు, కాబట్టి నక్షత్రం రోహిణే గానీ రెండో పాదం కాస్తా నాలుగో పాదం అయింది. రోహిణి పాదాలకి అక్షరాలు ఓ, వా, వీ, వూ. రెండో పాదానికి "వా" అని తెలియగానే, కృష్ణాష్టమికి పుట్టినవాడు, ఇంకేముంది, వాసుదేవ్ అని మా అమ్మ బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పేసింది. ఇప్పుడు "వూ" అంటే ఏం పెడతాం? చివరికి నామకరణానికి పురోహితుడు గారు జన్మనామం ఏదో చెవిలో చెప్పారు, పిలిచేది వాసు అనే పిలుస్తున్నాం.

పేరుదేముంది, సర్దుకోవచ్చు, కానీ దశల పేజీ మొత్తం మారిపోయింది. దశ అంటే జీవితంలో ఒక్కో గ్రహానికి ఇచ్చిన కాలం. మనవైపు ఎక్కువగా చూసే వింశోత్తరి దశలు మొత్తం 120 ఏళ్లు: కేతువు 7, శుక్రుడు 20, రవి 6, చంద్రుడు 10, కుజుడు 7, రాహువు 18, గురువు 16, శని 19, బుధుడు 17. అశ్వినికి కేతు దశ, భరణికి శుక్ర దశ, అలా వరసగా తొమ్మిది, మళ్లీ మొదటికి. రోహిణి నాలుగోది కాబట్టి చంద్ర దశతో మొదలవుతుంది, కానీ పుట్టేసరికి చంద్రుడు నక్షత్రంలో కొంత దూరం నడిచేసి ఉంటాడు కదా, మిగిలిన దూరాన్ని బట్టే మిగిలిన దశ. రోహిణి వృషభంలో 10 డిగ్రీల దగ్గర మొదలై 23 డిగ్రీల 20 నిమిషాలకి అయిపోతుంది. తప్పు ప్రింటులో చంద్రుడు 15 డిగ్రీల దగ్గర ఉన్నాడు, ఇంకా 8 డిగ్రీల 20 నిమిషాలు మిగిలాయి, దాన్ని 13 డిగ్రీల 20తో భాగించి పదితో గుణిస్తే ఆరేళ్ల మూడు నెలలు. సరైన టైముకి చంద్రుడు 21 డిగ్రీల 40 నిమిషాల దగ్గర, మిగిలింది 1 డిగ్రీ 40 నిమిషాలే, అంటే ఏడాది మూడు నెలలు. ఐదేళ్ల తేడా! వాడి జీవితంలో ప్రతి దశా ఐదేళ్లు పక్కకి జరిగిపోయింది. ఈ లెక్క చేయడానికి ఫోన్లో క్యాలిక్యులేటర్ చాలు, మీ జాతకం పుస్తకం ఇంట్లో ఉంటే ఒకసారి చేసి చూడండి.

నాకు మరీ కోపం వచ్చింది కుజ దోషం దగ్గర. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషం అంటారు. బాబుకి కుజుడు తులలో ఉన్నాడు, తప్పుడు కర్కాటక లగ్నం నుంచి నాలుగు. పేజీ నిండా ఎర్ర అక్షరాల్లో "కుజ దోషం కలదు". కౌంటర్లో కూర్చున్న పెద్దాయన అది చూసి అద్దాల బీరువా తీసి "పిల్లాడికి ఇప్పుడే కాదులెండి, పెద్దయ్యాక పగడం పెట్టించాలి, మంచి రకం కావాలంటే మా దగ్గరే ఉంది" అన్నాడు. సరైన మకర లగ్నం నుంచి లెక్కపెడితే అదే కుజుడు పదో స్థానం, అక్కడ కుజుడికి దిగ్బలం, అంటే ఉన్న దిక్కు వల్ల వచ్చే బలం, అని శాస్త్రమే చెబుతుంది. మేం గనక రెండో పేజీ చూడకుండా ఇంటికి తెచ్చేసి ఉంటే ఇంకో పాతికేళ్ల తర్వాత పెళ్లి సంబంధాల దగ్గర ఆ ఎర్ర అక్షరాల పేజీ బయటికొచ్చేది.

చీటీ చూపించాక మారు మాట్లాడకుండా సరిచేశారు, ఊరు కూడా గుంటూరు పెట్టారు. కానీ మళ్లీ ప్రింటుకి కాగితం ఖర్చని 150 అడిగారు. తప్పు వాళ్లది, డబ్బులు మావి. వాదించి వాదించి 100కి ఒప్పుకున్నాను, మా చెల్లి ఫోన్లు చేస్తూనే ఉంది మరి.

బాగున్నదీ చెప్పాలి. గ్రహాల డిగ్రీల పట్టిక చాలా శుభ్రంగా ఉంది, రాశి, డిగ్రీ, నక్షత్రం, పాదం, వక్రమా (వెనక్కి నడుస్తున్నట్టు కనపడటం) కాదా అన్నీ ఒకే వరసలో. శని గోచారం పట్టిక ఇంకా బాగుంది. గోచారం అంటే గ్రహం ఏ టైములో ఏ రాశిలో నడుస్తుందన్నది. కష్టమైన మాటలా వినపడుతుంది గానీ మన కృష్ణా ఒడ్డువాళ్లకి కొత్తేం కాదు, 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా విజయవాడలో పుష్కరాలు జరిగింది గురువు కన్యారాశిలోకి వచ్చాడనే. గురువు రాశికి సుమారు ఏడాది, శని రెండున్నరేళ్లు. చంద్ర రాశికి ముందు రాశి, అదే రాశి, తర్వాతి రాశి, ఈ మూడింట్లో శని నడిచే ఏడున్నరేళ్లే ఏలినాటి శని. 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు కాబట్టి ఇప్పుడు కుంభం, మీనం, మేషం వాళ్లకి నడుస్తోంది. వృషభం వాళ్లకి 2027 జూన్‌లో శని మేషంలోకి రాగానే మొదలవుతుంది, మధ్యలో వక్రించి మీనానికి వెనక్కి పోయి 2028లో మళ్లీ వస్తాడు. ఈ వెనక్కీ ముందుకీ తేదీలతో సహా విడదీసి ఇచ్చారు, ఉగాదికి కొనే పంచాంగంలో రాబోయే నలభై ఏళ్ల సంగతి ఇంత వివరంగా దొరకదు.

ఆ తర్వాత ఫలితాల పేజీలు. ఊయల్లో పిల్లాడికి "పై అధికారులతో విభేదాలు తలెత్తును, స్థిరాస్తి వ్యవహారాలలో జాగ్రత్త వహించవలెను" అని. ఒకచోట శాంతస్వభావులు, రెండు పేజీల తర్వాత ముక్కోపి. ఒక్కో గ్రహానికి ఒక్కో పేరా కంప్యూటర్లో ముందే రాసి ఉంటుంది, మన చక్రానికి తగినవి ఏరి వరసగా అతికిస్తుంది, ఒకదాన్నొకటి కలిపి చూసే పని దానికి రాదు. అనుభవం ఉన్న సిద్ధాంతి చేసేది ఆ కలిపి చూడటమే, ఫలితాలు నమ్ముతారా లేదా అన్నది మీ ఇష్టం. రోహిణీ శాంతి అని నా గండానికి కూడా ఒక పేజీ ఉంది, దాన్ని మా బావ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

ఐదుకి మూడు ఇస్తా, అది కూడా ఆ పట్టికలకి. వెళ్లేవాళ్లు ఉదయమా సాయంత్రమా అన్నది పొడి అక్షరంతో కాకుండా పూర్తి మాటలో రాసివ్వండి, 16.20 అని రాస్తే ఇంకా మంచిది. స్క్రీన్ మీద టైము, ఊరు, లగ్నం చూశాకే ప్రింటు కొట్టమనండి. రంగుల ప్రింటు వద్దు, లోపల రంగులుండేది దేవుడి బొమ్మలకీ ఆ దోషాల పేజీలకే. మొదటి ఐదు పేజీలే చాలంటే 100కి ఇస్తారు, కానీ అడిగితేనే. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు, నాలుగు దాటాక వెళ్లండి.